పశుపతి నుంచి తిరుపతి దాకా: 2005 నేపాల్ సంక్షోభంలో ఢిల్లీ నిర్ణయాలు, ఒక కేస్ స్టడీ

పొరుగు దేశంలో రాజు టీవీలో ప్రసంగించి ప్రధానిని ఇంటికి పంపేశాడు. పార్టీల నాయకులంతా గృహనిర్బంధంలో ఉన్నారు. దేశం మొత్తం ఫోన్లు మూగబోయాయి. మీరు ఢిల్లీలో విదేశాంగ శాఖలో ఉన్నారు. సాయంత్రంలోగా ఒక ప్రకటన ఇవ్వాలి, వారంలోగా ఒక విధానం తేల్చాలి. ఏం చేస్తారు?

తిరుపతిలో పీజీ పిల్లలకు, సివిల్స్‌కు చదివేవాళ్ళకు విదేశాంగ విధానం మీద ఇలాంటి కేసులు తయారుచేసి తరగతిలో చర్చ నడపడం నా పని. శ్రీలంక 2018, మాల్దీవులు 2018, మయన్మార్ 2021 అన్నీ చేయించాను. అన్నిటికంటే ఎక్కువ నేర్పే కేసు మాత్రం 2005 నేపాలే. పదిహేను నెలల్లోపే ఢిల్లీ ఒక మంచి నిర్ణయం తీసుకుంది, మధ్యలో తడబడింది, చివర్లో ఒక తప్పు మాట మాట్లాడి ఒక్క రోజులో సరిదిద్దుకుంది. ఒకే ప్రభుత్వం, ఒకే రాయబారి, ఒకే రాజు. అందుకే ఏ నిర్ణయం పనిచేసిందో, ఏది చేయలేదో విడదీసి చూడటం తేలిక.

పద్ధతి ఇది. తరగతిని జట్లుగా విడగొడతాను: ఢిల్లీ, నేపాల్ రాజు ఉండే నారాయణహితి ప్యాలెస్, నేపాల్ పార్టీలు, నేపాల్ సైన్యం, మావోయిస్టులు, లండన్, బీజింగ్. ప్రతి దశకూ ఒక కాగితం ఇస్తాను. అందులో ఆ తేదీ నాటికి తెలిసిన సంగతులే ఉంటాయి. తర్వాత ఏమైందో ఫోన్‌లో వెతకకూడదు. ముందు వాళ్ళు నిర్ణయం రాసివ్వాలి, ఆ తర్వాతే నేను అసలు జరిగింది చెప్తాను.

2002లోనే మొదలైంది

మొదటి కాగితం 2005తో మొదలవ్వదు. పిల్లలకు అది చిరాకు, నాకు అది ముఖ్యం.

1990 ప్రజా ఉద్యమంతో నేపాల్‌లో బహుళ పార్టీ వ్యవస్థ, రాజ్యాంగబద్ధ రాచరికం వచ్చాయి. 1996 ఫిబ్రవరిలో మావోయిస్టులు సాయుధ పోరాటం మొదలుపెట్టారు. 2001 జూన్ 1న ప్యాలెస్‌లో రాజు బీరేంద్ర కుటుంబం హత్యకు గురైంది, తమ్ముడు జ్ఞానేంద్ర గద్దెనెక్కాడు. 2002 మే నెలలో ప్రధాని షేర్ బహదూర్ దేవ్‌బా సలహా మీద పార్లమెంటు రద్దయింది. ఎన్నికలు జరగలేదు. అక్టోబరు 4న రాజు దేవ్‌బాను అసమర్థుడంటూ తీసేసి, తను ఎంచుకున్నవాళ్ళను వరసగా ప్రధానులను చేశాడు. 2004లో మళ్ళీ అదే దేవ్‌బాను కూర్చోబెట్టాడు.

2005 ఫిబ్రవరి 1న రాజు లాగేసుకున్నది అప్పటికే సగం ఖాళీ అయిన ప్రజాస్వామ్యాన్ని. 2002లో బయటి దేశాలేవీ సాయం ఆపలేదు. పైగా మావోయిస్టుల మీద యుద్ధం పేరుతో భారత్, బ్రిటన్, అమెరికా నుంచి సైనిక సాయం పెరిగింది. రాజు దీన్నిబట్టి ఏం అర్థం చేసుకుని ఉంటాడని ప్యాలెస్ జట్టును అడుగుతాను. జవాబు చెప్పడానికి వాళ్ళకు అర నిమిషం కూడా పట్టదు: "మనకు లైసెన్స్ ఇచ్చారు సార్."

నా అభిప్రాయం కూడా అదే. ప్రజాస్వామ్యం ఒక్క రోజులో కూలదు. ముందు పార్లమెంటు లేకుండా పోతుంది, తర్వాత ఎన్నికలు వాయిదా పడతాయి, ఆ తర్వాత నాయకుల అరెస్టులు, పత్రికల నోళ్ళు మూయడం. విదేశాంగ శాఖలు చివరి మెట్టు దగ్గర నిద్ర లేస్తాయి. మొదటి మెట్టు దగ్గర మాట్లాడితే ఖర్చు తక్కువ. కానీ అప్పుడు మాట్లాడటానికి ఏ శాఖలోనైనా ఎవరికీ తొందర ఉండదు, ఎందుకంటే బల్ల మీద అంతకంటే అర్జెంటు ఫైళ్ళు ఉంటాయి.

ప్రకటన రాయడం

ఫిబ్రవరి 1 కాగితం ఇచ్చాక ఢిల్లీ జట్టు రాసే మొదటి డ్రాఫ్టులో దాదాపు ప్రతిసారీ "తీవ్రంగా ఖండిస్తున్నాం" అని ఉంటుంది. తర్వాత రాజును పేరు పెట్టి తిడతారు. లేదంటే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా "ఇది నేపాల్ అంతర్గత వ్యవహారం" అని రాస్తారు. ఈ రెండో మాట ఆ రోజు బీజింగ్ అన్నది. ఇస్లామాబాద్ కూడా అదే దారిలో మాట్లాడింది.

ఢిల్లీ ఆ రోజు ఏమంది? నేపాల్‌లో ప్రజాస్వామ్యానికి ఇది పెద్ద దెబ్బ అని, తమకు తీవ్ర ఆందోళన కలిగించే విషయమని అంది. అంతటితో ఆగకుండా ఒక వాదన కూడా పెట్టింది: రాచరికం, పార్టీలు ఒకదానితో ఒకటి నేరుగా తలపడే పరిస్థితి వచ్చింది, దీనివల్ల లాభపడేది ఈ రెండిటినీ కూలదోయాలని చూసేవాళ్ళే అని.

ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి చాలాసేపు చర్చ నడుపుతాను. ఎందుకంటే ఇది రాజుకు ఆయన సొంత లాభనష్టాల లెక్కలోనే చెప్పిన మాట. నువ్వు చేసిన పని నీ గద్దెకే చేటు అని చెప్పడం. పైగా ప్యాలెస్‌లో రాజు చుట్టూ ఉన్నవాళ్ళలో అనుమానం ఉన్నవాళ్ళకు పట్టుకోవడానికి ఒక వాదన దొరుకుతుంది. తిట్టు ఆ పని చేయదు. తిడితే రాజు చుట్టూ జాతీయవాదం గోడలా లేస్తుంది. నేపాల్‌లో భారత్ పెద్దన్న పోకడ మీద కోపం ఎప్పుడూ లోపల రగులుతూనే ఉంటుంది.

మర్నాడే రెండో అడుగు. ఫిబ్రవరి 6, 7 తేదీల్లో ఢాకాలో దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సమావేశం ఉంది. ప్రధాని మన్మోహన్ సింగ్ రావడం లేదని ఢిల్లీ ప్రకటించింది. ఢాకాలో భద్రత పరిస్థితిని, పొరుగున జరుగుతున్న పరిణామాలను కారణాలుగా చూపింది. ఏ ఒక్క దేశాధినేత రాకపోయినా సార్క్ సమావేశం జరగదు కాబట్టి అది వాయిదా పడింది. అధికారం చేతిలోకి తీసుకున్న వారంలోనే పొరుగు దేశాల అధినేతల పక్కన నిలబడి ఫోటో దిగే అవకాశం జ్ఞానేంద్రకు పోయింది. ఖర్చు లేని అడుగు, కానీ తేదీ కుదిరింది కాబట్టి గట్టిగా తగిలింది.

తర్వాత రాయబారి శివశంకర్ ముఖర్జీని సంప్రదింపుల కోసం ఢిల్లీకి పిలిపించారు. బ్రిటన్, మరికొన్ని దేశాలు కూడా అదే సమయంలో తమ రాయబారులను పిలిపించాయి. ఆ తర్వాత తిరిగి పంపించారు. "కోపంగా ఉన్నప్పుడు మళ్ళీ ఎందుకు పంపాలి సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎంబసీ తలుపులు మూస్తే జైల్లో ఉన్న నాయకుడి కుటుంబం ఎవరి దగ్గరికి వెళ్తుంది? సైన్యంలో అసంతృప్తిగా ఉన్న అధికారి ఎవరికి కబురు పెడతాడు? మనకు లోపలి సంగతి ఎవరు చెప్తారు?

ఇక్కడ తిరుపతిలో నేను చూసింది ఒకటి చెప్పాలి. ఆ ఫిబ్రవరిలో బస్టాండు దగ్గర ఒక ఎస్.టి.డి. బూత్‌లో ఫాస్ట్‌ఫుడ్ బండ్లలో, హోటళ్ళలో పనిచేసే నేపాలీ కుర్రాళ్ళు రోజూ సాయంత్రం వచ్చి నిలబడేవాళ్ళు. నంబర్ నొక్కడం, లైన్ కలవక పెట్టేయడం, మళ్ళీ నొక్కడం. బూత్ ఆయన మీటరు తిరగలేదని డబ్బులు తీసుకునేవాడు కాదు. "రేపు రాండి నాయనా, కలుస్తుందిలే" అనేవాడు. నాలుగైదు రోజుల తర్వాత ఒకడికి లైన్ కలిసింది. వాడు ఏం మాట్లాడాడో నాకు భాష తెలీదు. వాడి వెనక ఉన్నవాళ్ళంతా రిసీవర్ దగ్గరికి చెవులు పెట్టారు. నేపాల్ అంటే ఢిల్లీకి ఒక ఫైలు, మనకు మాత్రం వీధి చివర నూడుల్స్ వేయించే మనిషి, రాత్రి విజిల్ ఊదుతూ తిరిగే మనిషి. నేపాల్ మీద ఏ ఆంక్ష పెట్టాలన్నా అది ఈ మనుషుల ఇళ్ళ మీద పడుతుందా, ప్యాలెస్ మీద పడుతుందా అని ముందు అడగాలని పిల్లలకు చెప్తాను. ఈ కేసు మొత్తంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఆయుధాలు: అలిపిరిని మర్చిపోని ఊళ్ళో

మూడో కాగితం అన్నిటికంటే బరువైనది. నేపాల్ సైన్యానికి ఆయుధాలు ఆపాలా, కొనసాగించాలా?

వేరే ఊళ్ళో ఈ చర్చ పుస్తకాల్లోంచి నడుస్తుంది. తిరుపతిలో అలా కాదు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద పీపుల్స్ వార్ క్లెమోర్ మైన్లు పేల్చింది. తరగతిలో కూర్చున్నవాళ్ళు అప్పటికి చిన్నపిల్లలో, ఇంకా పుట్టనివాళ్ళో. అయినా ఇళ్ళల్లో విన్నారు. ఏడాది తర్వాత, 2004 సెప్టెంబరులో పీపుల్స్ వార్, ఎం.సి.సి. (మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్) కలిసి సీపీఐ (మావోయిస్టు) అయ్యాయి. అక్టోబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం హైదరాబాద్‌లో వాళ్ళతో చర్చలు జరిపింది. 2005 జనవరికి ఆ చర్చలు చెడిపోయాయి. సరిగ్గా ఆ తర్వాతి నెలే నేపాల్ రాజు ప్రసంగం.

"పశుపతి నుంచి తిరుపతి దాకా" అనే మాట ఆ రోజుల్లో భద్రతా వర్గాల్లో, పత్రికల్లో తెగ నలిగింది. ఖాట్మండు పశుపతినాథ్ నుంచి మన కొండ దాకా అడవుల గుండా ఎర్ర కారిడార్ ఏర్పడుతోందన్న భయం అది. దక్షిణాసియా మావోయిస్టు పార్టీలు 2001లోనే ఒక సమన్వయ కమిటీ పెట్టుకున్నాయి. నేపాల్ మావోయిస్టు నేత సి.పి. గజురెల్‌ను 2003 ఆగస్టులో పట్టుకున్నది ఎక్కడో కాదు, చెన్నై విమానాశ్రయంలో.

కాబట్టి జ్ఞానేంద్ర వాదన చాలా సూటిగా ఉంది: మావోయిస్టులతో పోరాడుతున్నది నా సైన్యం, నాకు ఆయుధాలు ఆపితే మీ ఇంటికే నిప్పు. ఢిల్లీ రక్షణ వర్గాల్లోనూ ఈ వాదనకు బలం ఉంది. దానికి తోడు ఇంకో భయం: మనం ఇవ్వకపోతే చైనా, పాకిస్తాన్ ఇస్తాయి.

ఒకసారి తరగతిలో ఒక అమ్మాయి, పోలీసు కుటుంబం నుంచి వచ్చింది, లేచి నిలబడి మాట్లాడింది. "అట్లా అంటే ఎట్లా సార్? రాజు మంచోడా చెడ్డోడా అని చూసేదానికి ఇది టైమా? తుపాకీ పట్టుకున్నోళ్ళు బార్డర్‌కి ఆ పక్కనే ఉండారు. ముందు వాళ్ళ సంగతి చూడాల గదా." గది నిశ్శబ్దమైపోయింది. ఢిల్లీ జట్టులో సగం మంది ఆమె వైపు వచ్చేశారు. అప్పుడు నేపాల్ పార్టీల జట్టులోంచి ఒక అబ్బాయి అడిగాడు: "రాజు సైన్యాన్ని వాడింది అడవిలోకి పోయేదానికా, పేపరాఫీసులోకి పోయేదానికా?"

అది కేసుకు గుండెకాయ లాంటి ప్రశ్న. ఫిబ్రవరి 1 తర్వాత సైనికాధికారులు పత్రికాఫీసుల్లో కూర్చుని ఏది అచ్చవ్వాలో చెప్పారు. ఎఫ్.ఎం. రేడియోల్లో వార్తలు నిషేధించారు. ఫోన్లు కోసింది, నాయకుల ఇళ్ళ ముందు కాపలా ఉన్నది కూడా భద్రతా బలగాలే. మావోయిస్టులతో పోరాడాల్సిన మనుషులు, వాళ్ళకు వ్యతిరేకంగా ఉన్న పార్టీలనే కాపలా కాస్తున్నారు. నిన్నటిదాకా మావోయిస్టులతో పోరులో రాజుకు తోడు ఉండాల్సిన పార్టీలకు ఇప్పుడు మావోయిస్టుల వైపు చూడటం తప్ప దారి లేకుండా పోయింది. అంటే రాజు చేసిన పని మావోయిస్టులను బలపరిచింది. ఫిబ్రవరి 1 నాటి ప్రకటనలో ఢిల్లీ చెప్పింది ఇదే.

ఫిబ్రవరి 22న భారత్, బ్రిటన్ రెండూ సైనిక సాయం ఆపేశాయి. అమెరికా కూడా తర్వాత మారణాయుధాల సరఫరా నిలిపేసింది. ఇక్కడ రెండు సంగతులు గమనించమంటాను.

ఒకటి, ముగ్గురు పెద్ద సరఫరాదారులూ ఒకే వైపు రావడం. భారత్ ఒక్కటే ఆపి ఉంటే అది మళ్ళీ "పెద్దన్న బెదిరింపు" అయ్యేది. లండన్ పక్కన నిలబడింది కాబట్టి ఖాట్మండులో దాన్ని భారత్ కుట్రగా చూపించడం కష్టమైంది.

రెండోది, దీన్ని పిల్లలు తరచుగా వదిలేస్తారు: ఢిల్లీ ఏమేం ముట్టుకోలేదు? 1,700 కిలోమీటర్లకు పైగా ఉన్న తెరిచిన సరిహద్దు అలాగే ఉంది. 1996 వాణిజ్య ఒప్పందం నడిచింది. కిరోసిన్, ఉప్పు, మందులు వెళ్ళాయి. భారత సైన్యంలో పనిచేసి రిటైరైన గూర్ఖాలకు నేపాల్‌లో పెన్షన్ అందింది. ఇక్కడ పనిచేసే నేపాలీలు రావడం, పోవడం ఆగలేదు. దెబ్బ అధికారం లాక్కున్న చేతి మీదే పడింది, వంటింటి మీద పడలేదు.

ఆ పోలీసు కుటుంబం అమ్మాయి చివరికి రాసిచ్చిన నోట్‌లో ఒక మెలిక పెట్టింది: ఆయుధాలు ఆపాలి, కానీ మావోయిస్టుల కదలికల మీద సమాచారం పంచుకోవడం ఆపకూడదు. నాకు అది నచ్చింది. భద్రత ఆందోళనను కొట్టిపారేయకుండా, దాన్ని రాజు చేతిలో కవచం కాకుండా చూడటం అంటే అదే.

జకార్తాలో జారిన అడుగు

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఏప్రిల్ 23న జకార్తాలో ఆసియా ఆఫ్రికా శిఖరాగ్ర సభ సందర్భంగా మన్మోహన్ సింగ్, జ్ఞానేంద్ర కలిశారు. బయటికొచ్చిన రాజు, భారత్ ఆయుధాలు మళ్ళీ ఇవ్వడానికి ఒప్పుకుందని పత్రికలవాళ్ళకు చెప్పేశాడు. ఢిల్లీలో గొడవ లేచింది, ప్రభుత్వాన్ని బయటి నుంచి బలపరుస్తున్న వామపక్షాలు నిలదీశాయి. ఏప్రిల్ నెలాఖరున రాజు అత్యవసర పరిస్థితి ఎత్తేశాడు, కానీ అధికారం వదల్లేదు. మే నెలలో భారత్ దారిలో ఉన్న కొంత సామగ్రిని వదిలింది.

పేరుకు అడుగు వేస్తే చాలు, అసలు విషయం అడగరని రాజు నేర్చుకున్న రోజు అది. అత్యవసర పరిస్థితి ఎత్తేయడం ఒక కాగితం పని. పార్లమెంటు తిరిగి రావడం, నాయకుల విడుదల, పత్రికల మీద ఆంక్షలు పోవడం, ఇవి నిజమైన పనులు. ఏది జరిగితే ఏది వదులుతామో ముందే, స్పష్టంగా, వీలైతే రాతలో లేకపోతే బేరం మన చేతిలోంచి పోతుంది. దేశాధినేతల ముఖాముఖి భేటీని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. బయటికొచ్చి ఎవరు ముందు మైకు పట్టుకుంటే వాళ్ళ మాటే వార్త అవుతుంది.

చైనా భయం ఏమైంది? నవంబరులో చైనా ఆయుధాలు లారీల్లో నేపాల్ చేరాయి. అదే నెల ఢాకాలో చివరికి జరిగిన సార్క్ సభలో అఫ్గానిస్తాన్‌ను చేర్చుకోవాలంటే చైనాకు పరిశీలక హోదా ఇవ్వాలని నేపాల్ పట్టుబట్టింది. చైనా కార్డు నిజంగానే బయటికి వచ్చింది. అయినా రాజు నిలబడలేదు. అయిదు నెలల తర్వాత ఖాట్మండు వీధుల్లో జనం లక్షల్లో నిండినప్పుడు ఆ తుపాకులు గద్దెను కాపాడలేదు, బీజింగ్ కూడా రాజు కోసం ఏమీ పణంగా పెట్టలేదు. "మనం ఇవ్వకపోతే వాళ్ళిస్తారు" అనే మాట ప్రతి కేసులోనూ వస్తుంది. వాళ్ళు ఇస్తారు, నిజమే. ఇచ్చింది సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని లెక్కగట్టకుండా భయపడటం విధానం కాదు.

ఢిల్లీలో కుదిరిన అవగాహన

2005 నవంబరు 22న నేపాల్ ఏడు పార్టీల కూటమి, మావోయిస్టులు పన్నెండు సూత్రాల అవగాహనకు వచ్చారు. అది జరిగింది ఢిల్లీలో. మావోయిస్టులు బహుళ పార్టీ పోటీని ఒప్పుకున్నారు, పార్టీలు రాజ్యాంగ సభ ఎన్నికలను ఒప్పుకున్నాయి. రెండు సైన్యాలూ ఎన్నికల సమయంలో అంతర్జాతీయ పర్యవేక్షణలో ఉండాలన్నది అందులో ఒక సూత్రం.

దీని వెనక మన తెలుగు మనిషి పాత్ర ఉంది. సీపీఎం నేత సీతారాం ఏచూరి నేపాల్ పార్టీలతో, మావోయిస్టులతో మాట్లాడటంలో ముందున్నారు. భారత ప్రభుత్వం అధికారికంగా చర్చలు జరపలేని మనుషులతో ఒక పార్టీ నాయకుడు మాట్లాడగలిగాడు. తెలంగాణలో, ఆంధ్రలో మావోయిస్టుల మీద 2005 ఆగస్టులో మళ్ళీ నిషేధం పడింది, అదే ఏడాది ఢిల్లీలో నేపాల్ మావోయిస్టులు ప్రజాస్వామ్య పార్టీలతో సంతకం పెట్టారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం పిల్లలకు కష్టంగా ఉంటుంది. "ఇక్కడ నిషేధం, అక్కడ సంధి, ఇదేం న్యాయం?" అంటారు. నేపాల్ మావోయిస్టులు ఎన్నికల్లో పోటీకి ఒప్పుకున్నారన్న తేడా చిన్నది కాదని నేను అంటాను. కానీ ఆ ప్రశ్నను కొట్టేయను, అది అడగాల్సిన ప్రశ్నే.

విదేశాంగ శాఖ ఒక్కటే విదేశాంగ విధానం నడపదు. పార్లమెంటు సభ్యులు, పార్టీలు, లాయర్లు, పాత్రికేయులు వెళ్ళగలిగిన చోటికి దౌత్యవేత్త వెళ్ళలేడు. నేపాలీ కాంగ్రెస్‌కు మన దేశంలోని పార్టీలతో స్వాతంత్ర్యోద్యమ కాలం నుంచి ఉన్న బంధం అప్పుడు అక్కరకొచ్చింది. ఇలాంటి బంధాలు సంక్షోభం వచ్చాక కట్టుకునేవి కావు.

ఏప్రిల్ 21 రాత్రి, 22 మధ్యాహ్నం

2006 ఫిబ్రవరిలో రాజు మున్సిపల్ ఎన్నికలు పెట్టాడు. పార్టీలు బహిష్కరించాయి, ఓటింగ్ బాగా పడిపోయింది. ఏప్రిల్ 6న ఏడు పార్టీల సమ్మె మొదలై ఉద్యమంగా మారింది. కర్ఫ్యూ పెట్టినా జనం ఖాట్మండు రింగ్ రోడ్డు మీదికి వచ్చారు. కాల్పుల్లో పలువురు చనిపోయారు.

ఢిల్లీ ప్రత్యేక దూతగా కరణ్ సింగ్‌ను పంపింది. కాశ్మీర్ రాజకుటుంబం, భార్య నేపాల్ రాణా వంశం. ప్యాలెస్‌లో మాట వినిపించడానికి సరైన మనిషి అని ఢిల్లీ అనుకుని ఉండొచ్చు. వీధిలో ఉన్నవాళ్ళకు మాత్రం అది రాజును కాపాడటానికి వచ్చిన బంధువులా కనిపించింది. దూతను ఎంచేటప్పుడు లోపలున్న రాజుతో పాటు బయట రోడ్డు మీద ఉన్న జనం ఏమనుకుంటారో కూడా చూడాలి.

ఏప్రిల్ 21 సాయంత్రం రాజు ప్రసంగించాడు. కార్యనిర్వహణాధికారం ప్రజలకు తిరిగిస్తున్నానని, ఏడు పార్టీలు ప్రధానిని సూచించాలని అన్నాడు. పార్లమెంటు పునరుద్ధరణ గురించి, రాజ్యాంగ సభ గురించి ఏమీ లేదు.

ఇక్కడ కాగితం ఆపి ఢిల్లీ జట్టుకు పది నిమిషాలు ఇస్తాను. స్వాగతించాలా? వాళ్ళ ముఖాల్లో టెన్షన్ కనిపిస్తుంది. ఎక్కువమంది స్వాగతిస్తారు. రక్తపాతం ఆగుతుంది, రాజు దిగొచ్చాడు, మనం అడిగింది జరిగింది కదా అని. నేపాల్ పార్టీల జట్టు అప్పటికే గోలగోలగా ఉంటుంది. వాళ్ళ కాగితంలో ఒక వాక్యం అదనంగా ఉంటుంది: రింగ్ రోడ్డు మీద జనం ఈ ప్రసంగాన్ని ఒప్పుకోవడం లేదు.

అసలు ఢిల్లీ కూడా స్వాగతించింది. అంతవరకు భారత్ విధానం "రెండు స్తంభాలు": రాజ్యాంగబద్ధ రాచరికం ఒకటి, బహుళ పార్టీ ప్రజాస్వామ్యం ఒకటి. రాజు మాట ఆ చట్రంలో సరిపోయింది. కానీ ఖాట్మండులో ఆ రెండో స్తంభం కింద నిలబడిన జనం మొదటి స్తంభం వద్దంటున్నారు. భారత్ మీద కోపం రగిలింది.

మర్నాడు విదేశాంగ కార్యదర్శి శ్యామ్ శరణ్ మీడియా ముందుకొచ్చి, నేపాల్ భవిష్యత్తును నేపాల్ ప్రజలే నిర్ణయించుకుంటారని, వాళ్ళు ఏది ఎంచుకుంటే భారత్ దాన్నే గౌరవిస్తుందని చెప్పారు. దశాబ్దాల చట్రం ఒక్క రోజులో పక్కకు వెళ్ళింది. ఏప్రిల్ 24 రాత్రి రాజు పార్లమెంటును పునరుద్ధరించాడు. నేపాలీ కాంగ్రెస్ నేత గిరిజా ప్రసాద్ కోయిరాలా ప్రధాని అయ్యారు. నవంబరు 21న శాంతి ఒప్పందం కుదిరింది. 2008 మే 28న రాజ్యాంగ సభ రాచరికాన్నే రద్దు చేసింది.

విధానానికి ఒక చట్రం ఉండటం తప్పు కాదు. కానీ పొరుగు దేశానికి ఏ ఆకారంలో ప్రజాస్వామ్యం ఉండాలో మన చట్రంలో ముందే రాసుకుంటే, అక్కడి జనం ఆ ఆకారాన్ని దాటినప్పుడు మనం పాలకుడి పక్కన నిలబడి కనిపిస్తాం. ఏప్రిల్ 21 రాత్రి ఢిల్లీకి జరిగింది అదే. దాని నుంచి బయటపడటానికి పట్టింది ఒక్క రోజే. ఎంబసీ తలుపులు తెరిచి ఉండబట్టి, పార్టీలతో మాటలు నడుస్తూ ఉండబట్టి వీధి మాట ఢిల్లీకి వెంటనే చేరి ఉంటుందని నా నమ్మకం.

సరిహద్దు మూసినప్పుడు

పోల్చడానికి రెండు తేదీలు. 1989 మార్చి 23న వాణిజ్య, ట్రాన్సిట్ (వేరే దేశం గుండా సరుకు రవాణా) ఒప్పందాల గడువు ముగిసింది, భారత్ రెండు సరిహద్దు కేంద్రాలు తప్ప మిగతావి మూసేసింది. ఇంధనం, కిరోసిన్ కరువయ్యాయి. మరుసటి ఏడాది పంచాయతీ వ్యవస్థ, అంటే పార్టీలు లేని రాజు పాలన, కూలిన మాట నిజమే. కానీ ఆ కిరోసిన్ క్యూలు నేపాలీల మనసులో ఉండిపోయాయి. 2015 ఏప్రిల్ 25 భూకంపం నుంచి ఇంకా తేరుకోని దేశంలో సెప్టెంబరు 20న కొత్త రాజ్యాంగం వచ్చింది. తమకు అన్యాయం జరిగిందని మధేసీలు, అంటే భారత్ సరిహద్దు వెంట మైదానాల్లో ఉండే నేపాలీలు, ఆందోళనకు దిగారు. సరిహద్దు దగ్గర లారీలు 2016 ఫిబ్రవరి దాకా నిలిచిపోయాయి. దిగ్బంధం మేం పెట్టలేదని ఢిల్లీ అంది. నేపాల్‌లో దాన్ని నమ్మినవాళ్ళు తక్కువ. గ్యాస్ సిలిండర్ లేక కట్టెల మీద వండుకున్న ఇంటికి ఎవరు పెట్టారన్న వాదన ఎక్కదు. 2016 మార్చిలో ప్రధాని ఓలీ బీజింగ్ వెళ్ళి ట్రాన్సిట్ ఒప్పందం మీద సంతకం పెట్టించారు.

2006లో సంపాదించుకున్న మంచిపేరు పదేళ్ళలో ఖర్చైపోయింది. మధేసీల గోడు నిజమైనదే. దానికి ఎంచుకున్న పనిముట్టు మాత్రం ప్యాలెస్ గేటును వదిలేసి వంటింటి తలుపు మూసింది.

మాల్దీవుల్లో 2018 ఫిబ్రవరి 5న అధ్యక్షుడు యమీన్ అత్యవసర పరిస్థితి పెట్టి, ప్రధాన న్యాయమూర్తిని అరెస్టు చేయించినప్పుడు సైన్యాన్ని పంపాలన్న వాదన మన దగ్గర గట్టిగా వినిపించింది. మాజీ అధ్యక్షుడు నషీద్ కూడా భారత్‌ను సైనిక అండతో దూతను పంపమన్నారు. ఢిల్లీ పంపలేదు. ప్రకటనలు ఇచ్చింది, రాజ్యాంగ ప్రక్రియ గురించి మాట్లాడింది, ఓపిక పట్టింది. సెప్టెంబరు 23న మాల్దీవుల ఓటర్లే యమీన్‌ను దించేశారు. 1988లో తిరుగుబాటును ఆపడానికి అక్కడి ప్రభుత్వం పిలిస్తే భారత సైన్యం వెళ్ళింది. 2018లో అధికారంలో ఉన్న ప్రభుత్వమే తప్పు చేస్తోంది. పిలుపు ఎవరిది అన్నది ఈ రెండిటినీ విడదీసే గీత.

కేసు అయిపోయాక ప్రతిసారీ ఎవరో ఒకరు 1975ను తెస్తారు. "మన దగ్గరే ఇరవై ఒక్క నెలలు ఎమర్జెన్సీ పెట్టుకున్నాం, పక్కోడికి చెప్పేదానికి మనమెవరం సార్?" అని. అది మొహమాటంతో దాటేయాల్సిన ప్రశ్న కాదు. మన ఇంట్లో కోర్టులు, పత్రికలు, ఎన్నికల సంఘం ఎంత గట్టిగా ఉంటే ఖాట్మండులో మన మాటకు అంత విలువ. మన రాయబారి నోటి వెంట ప్రజాస్వామ్యం అనే మాట వచ్చినప్పుడు అవతలివాడు నవ్వకుండా ఉండాలంటే, ఆ పని విదేశాంగ శాఖ ఆఫీసులో కాదు, ఇక్కడ జరగాలి. 1977లో మన ఓటర్లు ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వాన్ని దించేశారు కూడా కదా, ఆ సంగతి కూడా పొరుగువాళ్ళకు తెలుసు అని చెప్తాను.

తర్వాతి బ్యాచ్‌కు బంగ్లాదేశ్ కేసు తయారుచేస్తున్నాను. 2014 జనవరి ఎన్నికల్లో 300 స్థానాల్లో 153 చోట్ల పోటీయే లేదు. ఢిల్లీ ఆ ప్రభుత్వంతోనే గట్టిగా నిలబడింది. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి ఢిల్లీకి చేరేసరికి, ఢాకా వీధుల్లో ఉన్న విద్యార్థులతో మాట్లాడటానికి మన దగ్గర దారులు ఎన్ని మిగిలాయి? మొదటి కాగితం మీద తేదీ 2014 జనవరి 5 అని వేశాను.